రేపల్లె మెమరీ కార్డు

ఎవరేం చెప్పినా "మీరు చూశారా?" అని అడగడం నాకు అలవాటు. బాపట్లలో భౌతికశాస్త్రం చెప్పిన ఏళ్లలో ఆ అలవాటు తరగతి గది నుంచి ఇంట్లోకీ, ఇంట్లోంచి వియ్యాలవారి మధ్యకూ పాకింది. వియ్యాలవారు నాతో కబుర్లు తగ్గించారు.

తొంభైల మొదట్లో నాకు ఇంకొక వ్యసనం ఉండేది. ఎనభైలలో కొందరి ఇళ్లకు చేరిన చిన్న కంప్యూటర్లు, కీబోర్డులోనే సర్వమూ ఇమిడి టీవీకి తగిలించుకునే రకానివి, అప్పటికే అటకెక్కాయి. వాటిని దింపించి బాగుచేసేవాణ్ణి. బాగా పనిచేసే ఒక యంత్రాన్ని పరీక్షలకే కేటాయించాను. మెమరీ పెంచే కార్డు ఎవరిది వచ్చినా దాని వెనక తగిలించి, తెర మీద మెమరీ ఎంత కనిపిస్తుందో చూసి తీర్పు చెప్పేవాణ్ణి.

అలా ఒక వేసవిలో రేపల్లె చర్చి బడి ప్రధానోపాధ్యాయురాలి కంప్యూటరు నా దగ్గరకు వచ్చింది. ఓడలో పనిచేసే తమ్ముడు తెచ్చిచ్చిన యంత్రం అది. ఆవిడ గ్రాఫు కాగితం మీద చుక్కచుక్కగా తెలుగు అక్షరాలు గీసుకుని, రెండో తరగతి పిల్లలకు ఎక్కాల పాఠం తయారుచేశారు. వెనక సబ్బుపెట్టెంత మెమరీ కార్డు తగిలిస్తే తప్ప ఆ పాఠం యంత్రంలో పట్టదు. యంత్రం, కార్డు రెండూ పాడైతే తెనాలిలో ఒక టీవీ మెకానిక్ బాగుచేసి, రెండూ నడుస్తున్నాయని చెప్పి పంపాడు. బడి టీవీ, మైకు సెట్టు, ఈ కంప్యూటరు కలిపి ఏడాది పొడుగునా చూసుకునే పని అతనికి ఇవ్వాలా వద్దా అన్నది ఆదివారం ఆరాధన తర్వాత చర్చి కమిటీ తేల్చాలి. అతని పని ఎలా ఉందో పరీక్షించి రాసివ్వమని ఆవిడ నన్ను కోరారు.

కార్డును నా యంత్రానికి తగిలించాను. మెమరీ ఒక్క అంకె కూడా పెరగలేదు. విప్పి చూస్తే ఒక చిప్పు మాత్రం వేరే కంపెనీది, చుట్టూ టంకం కొత్తగా మెరుస్తోంది. నాకు విషయం అర్థమైపోయింది. "మరమ్మతు సమయంలో మంచి భాగము తొలగించి పాడైనది అమర్చినట్లు కనబడుచున్నది" అని రాసి, కవరు అంటించాను. శనివారం పొద్దున యంత్రాన్నీ కార్డునూ అట్టపెట్టెలో పెట్టుకుని, తెనాలిలో బండి మారి రేపల్లె చేరాను.

ఆవిడ కవరు అందుకున్నారు గాని తెరవలేదు. నా మాటంతా విని, "ఆయన చిప్పు తీయడం మీరు చూశారాండి?" అన్నారు.

"చూడలేదు. ఆధారాలున్నాయి."

"ఏ మిషను మీద పెట్టి చూశారు?"

"నా మిషను మీద."

"ఈమధ్య మీ మిషను మీద ఏ కార్డన్నా పనిచేసిందాండి?"

లెక్కపెట్టుకున్నాను. అంతకు ముందు పొన్నూరు లెక్చరరుది, కాకుమాను గుమాస్తాది వచ్చాయి. రెండూ పోయాయని చెప్పి తిప్పి పంపాను. "ఈ నెల వచ్చిన మూడూ పోయినవే," అన్నాను.

ఆవిడ నవ్వారు. "క్లాసంతా ఒకే లెక్క తప్పు చేస్తే, బోర్డు మీద నేనేం రాశానో ముందు చూసుకుంటానండి. పిల్లల్ని తర్వాత కొడతా."

అనుమానం ఉన్న కార్డును బాగైన యంత్రానికి తగిలిస్తే అదీ కాలిపోవచ్చని, అందుకే ఆవిడ యంత్రం మీద పరీక్షించలేదని వివరించాను. "పోతే నాదే కదండీ, పెట్టండి," అన్నారు.

పెట్టాను. మెమరీ పూర్తిగా కనిపించింది. నమ్మక రెండుసార్లు ఆపి మళ్లీ వేశాను, అదే అంకె. పాఠం ఉన్న క్యాసెట్టు పెట్టి కొన్ని నిమిషాలు ఆ కీచుమోత భరించాక, తెర మీద మెట్లుమెట్లుగా తెలుగు అక్షరాలు లేచాయి: రెండొకట్ల రెండు. నా ఛాతీ మీద నుంచి బరువు దిగింది. కార్డు బతికినందుకు కాదు, బల్ల మీది కవరు చిరగనందుకు.

ఆవిడ దాన్ని నా వైపు జరిపారు. "ఇది చదివుంటే రేపు కమిటీకి వినిపించాల్సొచ్చేది. ఆ చిప్పు సంగతేంటో ఆయన్నే అడిగి, మళ్లీ రాయండి సార్. రేపు పొద్దున్నే ఆరాధనకి మైకు పెట్టడానికి ఎలాగూ వస్తారు, ఆయన చేతికే ఇవ్వండి."

తిరుగు ప్రయాణంలో తెనాలిలో దిగి అతని దుకాణానికి వెళ్లాను. విప్పిన టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. జరిగినదంతా దాచకుండా చెప్పాను. అతను టంకం కాడను పక్కన పెట్టాడు.

"అంటే నన్ను దొంగని రాశారన్నమాట."

"రాశాను."

"ఇచ్చారా?"

"ఇచ్చాను. ఆవిడ తెరవకుండా తిరిగిచ్చారు."

పెద్దగా ఊపిరి వదిలాడు. "నిలబెట్టారండి అమ్మగారు! ఆ చర్చి చుట్టూ ఇళ్లన్నీ నా బేరాలే. ఈ మాట పొక్కితే ఒక్క టీవీ కూడా నా గుమ్మం తొక్కదు. ఒక చిప్పు పోతే మార్చానండి. పోయినదాన్ని కాగితంలో చుట్టి మిషను పంపిన పెట్టెలోనే అడుగు అట్ట కింద పెట్టా. చూళ్లేదా?"

"చూడలేదు."

"అందర్నీ చూశారా చూశారా అంటారంటగా సార్!"

అతనే మళ్లీ అడిగాడు: "మీ మిషను వెనక కార్డు తగిలే రాగి పట్టీలకి ఏమన్నా రాశారాండి?"

"కుట్టుమిషను నూనె. ఉప్పుగాలికి చిలుం పట్టకుండా."

పగలబడి నవ్వాడు. "తలుపు బందులకి రాసినట్టు రాశారా! దాని మీద దుమ్ము కూర్చుంటే ఇంక కరెంటు ఎట్టా పోద్దండి? స్పిరిట్టుతో తుడిచి, పిల్లల రబ్బరుతో రుద్దండి."

బాపట్లలో కత్తెర నుంచి సైకిలు దాకా నూనె రాయని ఇనుము ఉండదు. ఆ పద్ధతి రాగి పట్టీలకు పనికొస్తుందా అని ఒక్కనాడైనా పరీక్షించలేదు. పొన్నూరుకూ కాకుమానుకూ, కార్డులు పారేయవద్దని అక్కడే రెండు పోస్టుకార్డులు రాశాను.

తరవాత అసలు ఉత్తరం. యంత్రమూ కార్డూ పనిచేస్తున్నాయనీ, మార్చిన చిప్పుకు కారణం తెలిసిందనీ, పొరపాటు నా పరీక్షలోదనీ రాసి, మెకానిక్ నిజాయితీపరుడని చివర చేర్చాను. అతను చదివి ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది కొట్టేయండి సార్. నా నిజాయితీ మీరెక్కడ చూశారు? పోయిన చిప్పు కూడా ఇంకా చూళ్లేదు. మిషను నడుస్తోందని రాశారుగా, చాలు."

కొట్టేసి ఇచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కమిటీ ఆ పని అతనికే ఇచ్చిందని సోమవారం తెలిసింది. నా ఉత్తరం చూసే ఇచ్చిందా అంటే చెప్పలేను; నేను అక్కడ లేను.