జిల్లా పేజీలో పడిన ఫొటో

జిల్లా పేజీలు కొత్తగా మొదలైన రోజుల్లో నేను మండపేట దగ్గర ఒక పట్నానికి విలేకరిని. మధ్యాహ్నం మూడింటికల్లా వార్తల కవరు రాజమండ్రి బస్సు డ్రైవరు చేతిలో పెట్టాలి. కవరులో ఎన్ని పేర్లు, ఎన్ని ఫొటోలు ఉంటే మర్నాడు అన్ని పేపర్లు అమ్ముడుపోతాయని మాకు నేర్పారు.

అక్కడి కాలేజీకి ఒక వాలీబాల్ కోచ్ ఉండేవారు. పదకొండేళ్లుగా పార్ట్‌టైమే. వేసవి సెలవులతో ఉద్యోగం ఆగిపోయేది. జూన్‌లో మళ్లీ కాలేజీ కమిటీ సెక్రటరీ గుమ్మం దగ్గర నిలబడి కొత్త ఆర్డరు తెచ్చుకునేవారు. ఆర్డరు ఉన్నా లేకపోయినా వాలీబాల్ కోర్టు పని మాత్రం మానేవారు కాదు. మిల్లు నుంచి ఊక తోలించి, నల్లమట్టిలో కలిపి, నీళ్లు చల్లి, కుర్రాళ్లతో తొక్కించేవారు. పడితే మోకాళ్లు చెక్కుకుపోకూడదని.

ఆ ఏడాది సెక్రటరీ ఒక మాటన్నారు. కాలేజీల పోటీల్లో కప్పు తెస్తే పోస్టు ఖాయం చేస్తాం, లేదంటే వచ్చే జూన్ నుంచి రానక్కర్లేదు. జట్టు సెమీఫైనల్ గెలిచిన సాయంత్రం కోచ్ సైకిల్ మీద మా ఇంటికొచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఒక్క ముక్క వెయ్యండి బాబూ. సెక్రటరీ గారు పొద్దున్నే మీ పేపరే చూస్తారంటండి. ఫైనలు ఎల్లుండి.”

“ఫొటోతో వేయిస్తానండి.”

“ఆయ్, ఫొటో కూడానా! మా ఆవిడ ఫ్రేం కట్టించేస్తదండి.”

మర్నాడు ఫొటోగ్రాఫరుతో గ్రౌండుకు వెళ్లాను. జట్టులో బంతి కొట్టే షూటర్ గాల్లోకి లేచినప్పుడు ఫొటో తీయించాను. తర్వాత మిల్లు దగ్గర టీ తాగుతుంటే, అదే కుర్రాడు వీపున బస్తాతో లారీ ఎక్కుతూ కనిపించాడు.

“ఆడు చదువు మానేసి ఆర్నెల్లయిందండి,” అన్నాడు టీ కొట్టాయన. “మాస్టారు పిలిస్తే మాత్రం ఆటకి పరిగెడతాడు.”

నాకు వార్త దొరికింది. చదువు మానేసిన కుర్రాడు, పగలు మిల్లులో బస్తాలు, సాయంత్రం కోర్టులో స్మాష్‌లు. చదివినవాళ్ల మనసు కరిగేలా రాశాను. పోటీల్లో ఆడాలంటే కాలేజీ రోల్లో విద్యార్థిగా పేరుండాలని ఆటల వార్తలు రాసే నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. కోచ్‌ని ఒక్క మాట అడిగినా సరిపోయేది. బస్సుకు టైమైంది.

ఫైనల్ రాజమండ్రిలో. నేను వెళ్లేసరికి ఆట ఇంకా మొదలవలేదు. అవతలి కాలేజీవాళ్లు నా వార్త కత్తిరించి, అట్టకు అంటించి, నిర్వాహకుల టేబుల్ మీద పెట్టారు. కోచ్ నన్ను చూసి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

“రాసింది మీరేగా. ప్రింటులో తప్పు పడిందని ఓ కాయితం మీద రాసియ్యండి. మీరు రాస్తే నమ్ముతారండి.”

“కుర్రాడు రోల్లో లేడు కదండీ?”

“లేడండి. ఆడు లేకపోతే ఇక్కడిదాకా వచ్చేవోళ్లం కాదు. నాకు నలభై నాలుగొచ్చేసినియ్యండి. ఇంకెక్కడ తీసుకుంటారు నన్ను?”

మా పేపరు డెస్కును అడిగి చెప్తానన్నాను. గేటు బయట ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి రిసీవరు తీసి, అద్దంలోంచి కోర్టు వంక చూస్తూ నిలబడ్డాను. నంబరు నొక్కలేదు. అబద్ధం రాసివ్వడానికి ధైర్యం లేదు. రాయనని ఆయన ముఖాన చెప్పడానికీ లేదు.

తిరిగి వెళ్లేసరికి ఆట ఆడించకుండానే కప్పు అవతలివాళ్లకు ఇచ్చేశారు. మా కుర్రాళ్లు బూట్లు విప్పుతున్నారు. షూటర్ నెట్టు కింద తల దించుకుని కూర్చున్నాడు.

“లేరా, బస్సు పోద్ది,” అంటున్నారు కోచ్.

నన్ను చూసి తిడతారనుకున్నాను. ఆయన జేబులోంచి మడత పెట్టిన పేపరు తీసి, విప్పి, ఒకసారి చూసుకున్నారు.

“ఫొటో మటుకు బాగా పడిందండి,” అన్నారు.

జూన్‌లో ఆయనకు ఆర్డరు రాలేదు. కోర్టులో స్తంభాలు పీకేశారు. సార్వా వరికోతలయ్యాక అక్కడ ఎవరో ధాన్యం ఆరబోశారు. కాలితో గింజలు తిరగేస్తున్న ముసలాయన నేను నిలబడి చూడటం గమనించి పలకరించాడు.

“రోడ్డు మీదకన్నా ఇక్కడే బాగుందండి. నేల మెత్తగా ఉంది. కాళ్లు నొప్పెట్టట్లేదు.”

అవునన్నాను. ఎందుకు మెత్తగా ఉందో చెప్పలేదు.