రిటర్న్ గిఫ్ట్ లేని పుట్టినరోజు

దక్షిణం నుంచి గాలి తిరిగిన సాయంత్రాల్లో మా కాలనీ కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటాయి. శామీర్‌పేట రోడ్డు మీది మా ఇళ్ళకూ జవహర్‌నగర్ చెత్తగుట్టకూ మధ్య దూరం తక్కువేమీ కాదు. అయినా అప్పుడప్పుడూ ఆ వాసన వంటగది దాకా వస్తుంది. ఇరుగుపొరుగువారు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని అధికారులను తిడతారు. కిటికీ నేనూ మూస్తాను. కాని ఆ వాసనలో మన ఇంటి వాటా కూడా ఉన్నదని నా అభిప్రాయం. అభిప్రాయం ఉండడం పెద్ద ఇబ్బంది కాదు. దాన్ని లోపల ఉంచుకోలేకపోవడమే నాకున్న ఇబ్బంది.

మేడ్చల్ దగ్గర ఒక మందుల కర్మాగారంలో కొలత పరికరాలను సరిచూడడం నా ఉద్యోగం. త్రాసులు, ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు నా బల్ల మీదికి వస్తాయి. పరికరం చూపే విలువకూ అసలు విలువకూ మధ్య తేడా హద్దులో ఉంటే స్టిక్కరు అంటిస్తాను, హద్దు దాటితే పక్కన పెట్టిస్తాను. రోజంతా ఈ పని చేసిన మనిషికి ఇంటికి వచ్చాక కూడా చెయ్యి ఊరుకోదు. పేపరు తెరిస్తే చాలు, ఏది హద్దు దాటిందో కనిపిస్తూనే ఉంటుంది. యుద్ధం వార్తకు టీవీలో వెనక సంగీతం ఎందుకు? కొత్తిమీర కట్ట పది నిమిషాల్లో గుమ్మం ముందుకు రావలసినంత తొందర ఏ వంటకు వచ్చింది? పండుగ ఇంకా రాకముందే పండుగ అమ్మకాలు అయిపోవడం ఏమిటి? గౌడవెల్లి దగ్గర మా నాయిన కందులు వేసిన చేను ఇప్పుడొక గిడ్డంగి. అందులో ఏముంటాయో అడిగితే కాపలాదారుకే తెలియదు. ఇవన్నీ నేను దోసె తిప్పుతూ చెబుతాను. వినేవాళ్ళు ఇద్దరే: నాలుగో తరగతి చదివే నా కూతురు, మా ఇంట్లోనే ఉండే మా అమ్మ. మా ఆయనది షిఫ్టు ఉద్యోగం కాబట్టి ఆ సమయానికి ఆయన నిద్రలో క్షేమంగా ఉంటారు.

"గీ ఇంట్ల టీవీ దండుగనే," అంటుంది మా అమ్మ. "వార్తలు సదివే మనిషి పొయ్యి కాడనే ఉన్నది. నడుమ నడుమ దోసెలు గూడ ఏస్తది."

పాప నవ్వేది. ఆ నవ్వు నా మాటలకు ఒప్పుకోలు అనే నేను అనుకునేదాన్ని.

మా కాలనీలో పిల్లల పుట్టినరోజుకు ఒక పద్ధతి ఉంది. వచ్చిన ప్రతి పిల్లా, పిల్లవాడూ ఒక బహుమతి తెస్తారు. వెళ్ళేటప్పుడు ప్రతివారికీ ఒక సంచి అందుతుంది. దాన్ని రిటర్న్ గిఫ్ట్ అంటారు. అలాంటి సంచులతో మా పాప అలమరలో ఒక అర నిండిపోయింది. మూత బిగవని నీళ్ళ సీసాలు, ఒకసారి వెలిగి ఆరిన దీపాలు, గట్టిపడిన రంగు జిగురు ముద్దలు, తాళంచెవి పోయిన డబ్బుల డిబ్బీలు. వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ అరను ఖాళీ చేశాను. వాడుకలో ఉన్నది పెన్సిలు చెక్కే మర ఒక్కటే. మిగిలినవాటిని చెత్తబండిలో వేస్తున్నప్పుడు, ఇవి ఎటువైపు వెళతాయో, మళ్ళీ ఏ గాలికి మా కిటికీకి వస్తాయో తలుచుకుని స్థిమితంగా నిలబడలేకపోయాను.

అందుకే ఈ ఏడు పాప పుట్టినరోజుకు కాలనీ తల్లుల వాట్సాప్ గ్రూపులో నేనొక సందేశం పెట్టాను. ఆదివారం సాయంత్రం పిల్లలందరినీ పంపమన్నాను. ఎవరూ బహుమతి తేవద్దనీ, మేమూ రిటర్న్ గిఫ్టులు ఇవ్వడం లేదనీ రాశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఎందుకు ఇవ్వడం లేదో, ప్లాస్టిక్ ఎక్కడికి పోతుందో, దక్షిణపు గాలి సంగతేమిటో, పిల్లలకు వస్తువుల కంటే ముఖ్యంగా ఏం కావాలో పేరాలు పేరాలుగా వివరించాను. పంపేముందు మా అమ్మకు చదివి వినిపించాను.

"పేరంటానికి పిలుస్తున్నవా, పంతులమ్మ తీరుగ పాఠం జెప్తున్నవా?" అంది మా అమ్మ.

"విషయం అర్థం కావాలి కదమ్మా."

"అర్థమైతది తియ్. అర్థమైనంక వస్తరా రారా, అది జూడు."

సందేశం కింద బొటనవేళ్ళు లేచాయి. నమస్కారాలు వచ్చాయి. ఒకామె చప్పట్ల బొమ్మ పెట్టింది. నేను తృప్తిపడ్డాను. కొలతల మనిషిని అయి ఉండీ, ఆ బొటనవేళ్ళు కొలుస్తున్నది నా వాదనను మెచ్చుకోవడాన్నా, రావడానికి ఒప్పుకోవడాన్నా అని నేను చూసుకోలేదు.

రెండు రోజులకు బడి బస్సు దిగిన పాప పుస్తకాల సంచీ సోఫా మీద విసిరేసింది.

"అమ్మా, నువ్వు గ్రూప్‌ల ఏం పెట్టినవ్?"

"పుట్టినరోజుకు రమ్మని పెట్టాను."

"మీ ఇంట్ల ఏం ఇయ్యరంట గదా అని బస్సుల అందరు నవ్విండ్రు. మా ఫ్రెండ్ అయితే, మా మమ్మీ పంపుతదో లేదో అన్నది." ఒక బూటు విప్పి ఆగింది. "ఎవ్వరు రాకపోతే ఎట్ల? కేకు మనమే తినాల్నా?"

సమాధానం సిద్ధంగానే ఉంది. సంచీ కోసం వచ్చేవాళ్ళు స్నేహితులు కారని చెప్పబోయాను. పాప నా ముఖం చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా. నువ్వు ఇప్పుడు చెప్తవని నాకు తెలుసు. నాకు అభిప్రాయం వద్దు, వాళ్ళు వస్తరా రారా చెప్పు."

అది కొలవగలిగిన ప్రశ్న. ఫోను తీసి గ్రూపు మళ్ళీ మొదటి నుంచి చూశాను.

ఆ వారమంతా ఆఫీసులో నా చేతులు పని చేస్తున్నా మనసు గ్రూపులోనే ఉంది. భోజన విరామంలో ఫోను తీసి చూసేదాన్ని. కొత్త బొటనవేలు ఏదీ లేదు. వస్తున్నామని రాసినవారు లేరు, రావడం లేదని రాసినవారూ లేరు. ఔటర్ రింగు రోడ్డు కింద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్ తెరిచి "పార్టీ" అని టైపు చేసేదాన్ని. వరుసగా సంచులు కనిపించేవి, అవే సీసాలు, అవే దీపాలు. ఒకసారి వాటిని బుట్టలో వేశాను కూడా. వెనక లారీ హారన్ కొట్టింది. బుట్ట ఖాళీ చేసి బండి ముందుకు పోనిచ్చాను. మర్నాడు మళ్ళీ వేశాను, మళ్ళీ తీశాను. నా అభిప్రాయం మారలేదు. కాని అలమరలో అరను ఖాళీ చేసిన రోజు ఉన్న గట్టితనం దానికి ఇప్పుడు లేదు. దాని అవతలి కొసన ఒక చిన్న మనిషి నిలబడి వీధి వైపు చూస్తున్నది.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే మా అమ్మ పెద్ద గిన్నెలో సేమియా పాయసం మొదలుపెట్టింది. ముందు రోజు చేసిన మురుకులు డబ్బాలో ఉన్నాయి. కాగితపు పళ్ళేలూ ప్లాస్టిక్ కప్పులూ వాడకూడదన్నది కూడా నా నిర్ణయమే. మధ్యాహ్నం గిన్నెలు తీసి బల్ల మీద పేర్చుతుంటే చాలవని తేలింది. పాప ఆ వరుసను చూసి, "ఎట్లాగు ఎవ్వరు రారు గదా, సరిపోతయి," అంది. మా అమ్మ ఆ మాటకు గరిటెతో గిన్నె అంచు మీద టక్కున కొట్టింది. ఆమెకు కోపం వచ్చినప్పుడు అలాగే కొడుతుంది.

"పో బిడ్డా, ఎదురింటి అత్తమ్మను నాలుగు గిన్నెలు అడిగి తే," అంది పాపతో.

పాప వెళ్ళనంది. నేను వెళ్ళాను.

ఎదురింటి ఆవిడ భీమవరం వైపు మనిషి. ఆమె కొడుకూ మా పాపా ఒకే తరగతి. తలుపు తీసి నన్ను చూడగానే ఆమె ముఖం తడబడింది.

"రండి రండి. ఇవాళ మీ పాప పుట్టినరోజు కదండీ. మావాడికి కాస్త నలతగా ఉందండీ, అందుకని..."

వెనక గదిలో పిల్లవాడు సోఫా మీంచి కిందికి దూకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఇద్దరం ఆ చప్పుడు విన్నాం.

"గిన్నెలు కావాలండీ," అన్నాను. "పాయసానికి మా ఇంట్లోవి చాలడం లేదు."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత నవ్వేసింది. "అయ్యో, గిన్నెలా! ఎన్ని కావాలండీ? ఇదిగో, మావాడే పట్టుకొస్తాడు." అని లోపలికి తిరిగి, "ఒరేయ్, స్నానం చేసి చొక్కా మార్చుకో, ఆంటీ వాళ్ళింటికి గిన్నెలు తీసుకెళ్ళాలి," అని కేకేసింది.

"నలత అన్నారు?"

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఏమనుకోకండేం. మీరు రాసింది నిజమేనండీ, మా ఆయనకి కూడా చదివి వినిపించాను. కానీ ఏమీ తేవద్దన్నారు కదా! ఉత్త చేతులతో పుట్టినరోజు ఇంటికి పిల్లాడిని ఎలా పంపనండీ? తెస్తే మీరు బాధపడతారు, తేకపోతే మాకు చిన్నతనం. పక్కింటివాళ్ళూ అదే అన్నారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఇలా చెబుదామనుకున్నాం అందరం."

ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో, అంత సిగ్గునూ ఇచ్చింది. నేను అనుకున్నట్టు వాళ్ళు సంచీ దొరకదని రావడం మానలేదు. చేతిలో ఏదో ఒకటి లేకుండా గడప ఎక్కలేక మానారు. వద్దన్న వస్తువు స్థానంలో నేను ఏదీ పెట్టలేదు. ఆలోచిస్తే నేనూ ఎవరింటికీ ఉత్త చేతులతో వెళ్ళిన గుర్తు లేదు. ఈ ఆవిడ గృహప్రవేశానికి నేను తెచ్చింది కూడా ఒక గోడ గడియారమే. అది ఆమె గుమ్మం పైన ఆగిపోయి ఉంది.

ఇంటికి రాగానే, చెప్పులు విప్పకుండానే గ్రూపులో రాశాను: "పాయసానికి మా ఇంట్లో గిన్నెలు చాలడం లేదు. సాయంత్రం మీ పిల్లల చేతికి ఒక్కో గిన్నె ఇచ్చి పంపండి." కారణాలు రాయలేదు. అంత పొట్టి సందేశం ఆ గ్రూపులో నేను ఎన్నడూ పెట్టలేదు.

పాప నా భుజం మీదుగా చదివింది. "గిన్నెలెందుకు తెస్తరు? ఎవ్వరు తేరు," అంది. అయినా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. నేను బల్ల తుడిచాను. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను. మా ఆయన లేచి వచ్చి కేకు ఎక్కడ పెట్టాలని అడిగితే, ఏమి చెప్పానో నాకే గుర్తు లేదు. ఎండ తగ్గింది. వీధిలో ఒక డెలివరీ బండి మా ఇల్లు దాటి వెళ్ళిపోయింది.

ముందు ఎదురింటి పిల్లవాడు వచ్చాడు, నాలుగు గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, పైదాన్ని టోపీలా తలకు బోర్లించుకుని. పాప కిటికీ దగ్గరి నుంచి ఒక్క గంతులో గుమ్మం చేరింది.

"నీకు నలతగ ఉన్నదంట?" అని అడిగింది.

"మా మమ్మీకి తెలుసు, నాకు తెలీదు," అన్నాడు వాడు.

తర్వాత ఇద్దరమ్మాయిలు, ఆ తర్వాత ఒక గుంపు. అందరి చేతుల్లో గిన్నెలు. ఎవరి పెళ్ళిలోనో పంచిన, పేర్లు చెక్కిన స్టీలు గిన్నెలు. ఒక వెండి గిన్నె కూడా వచ్చింది; మా అమ్మ దాన్ని భయంతో పైఅరలో దాచింది. ఒక గిన్నెకు ఇంకా అట్టపెట్టె ఉంది. నా సందేశం చూశాక యాప్‌లో తెప్పించి ఉంటారు. రెండు గిన్నెల అడుగున చాక్లెట్లు ఉన్నాయి. నేను చూడనట్టు నటించాను. కాలనీ చివరి ఇంటి పిల్లలు రాలేదు. బస్సులో నవ్విన స్నేహితురాలు మాత్రం వచ్చింది. తన గిన్నె అన్నిటికంటే పెద్దదని మూడుసార్లు చెప్పింది.

పాయసం అయిపోయింది. పిల్లలు చెప్పులు వెతుక్కుంటుంటే నేను కడిగిన గిన్నెలు ఎవరివి వారికి అందించబోయాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే, ఉత్త గిన్నెలిస్తవా? సదువుకున్నవ్ గని, గిన్నె ఎట్ల తిరిగి ఇయ్యాల్నో తెల్వదా?"

తెలుసు. గౌడవెల్లిలో పొరుగింటి నుంచి కూర వచ్చిన గిన్నెను మేము ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. ఏమీ లేని రోజున చక్కెరైనా వేసేవాళ్ళం. మా అమ్మ డబ్బా తెరిచి ఒక్కో గిన్నెలో మురుకులు పోసింది. మురుకులు అయిపోయాక ఖర్జూరాలు, అవీ అయిపోయాక చివరి ఇద్దరికి చక్కెర. చక్కెర వచ్చిన పిల్లవాడు గుమ్మంలోనే వేలు ముంచి నాకాడు.

అందరూ వెళ్ళాక పాప నా ముందుకు వచ్చి నిలబడింది.

"అమ్మా, వాళ్ళు తెచ్చిండ్రు. మనం ఇచ్చినం. అంటే ఇది రిటర్న్ గిఫ్టే గదా?"

"వేరు," అన్నాను. ఎందుకు వేరో చెప్పడానికి నోరు తెరిచాను. వాక్యాలు వరుసగా సిద్ధమవుతున్నాయి. వాటిలో చెత్తగుట్ట ఉంది, గిడ్డంగి ఉంది, గాలి దిశ ఉంది. పాప ఓపికగా ఎదురుచూస్తున్నది. వాదన పూర్తిగా తయారైందని తెలిసీ నేను ఆగాను.

"అవును, రిటర్న్ గిఫ్టే," అన్నాను.

"మరి వచ్చే ఏడు సంచులు గూడ ఇస్తవా?"

"అది ఇప్పుడే చెప్పలేను."

పాప తలూపింది. మా అమ్మ వంటింట్లోంచి పిలిచింది. పైఅరలో వెండి గిన్నె మిగిలిపోయింది. ఎవరిదో పేరు లేదు. పాప మాత్రం తెచ్చిన అమ్మాయిని గుర్తుపట్టింది, పక్క వీధి. చీకటి పడకముందే ఇచ్చి రావాలి. డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి చూశాను. మురుకులు లేవు, ఖర్జూరాలు లేవు, చక్కెర డబ్బా అడుగు కనిపిస్తున్నది. యాప్ తెరిస్తే పది నిమిషాల్లో వస్తుంది.

"ఏమేద్దామే?" అంది మా అమ్మ.

కేకులో ఒక ముక్క మిగిలి ఉంది. పాప తన కోసం దాచుకున్నది. నేను పాప వైపు చూశాను. పాప కేకు వైపు చూసి, గిన్నె వైపు చూసి, గట్టిగా నిట్టూర్చి, "సగం ఏయ్. సగమే," అంది.