చింతపండుతో తోమిన కార్బ్యురేటర్

పండగ ముందు ఇత్తడి కుందులకు చింతపండు రాస్తుంటే వచ్చే పుల్లటి వాసనకు అందరికీ పూజగది గుర్తొస్తుందట. నాకు మాత్రం పెట్రోలు గుర్తొస్తుంది.

శ్రీకాకుళంలో నా చిన్నతనం, అంటే మరీ రాజుల కాలమేం కాదు, సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజులే, అప్పుడు మాకు నాకంటే వయసులో పెద్దదైన కారొకటి ఉండేది. నాన్న కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఆదివారమైతే లుంగీ ఎగ్గట్టి, బానెట్ ఎత్తి, ఇంజన్‌లోకి తల దూర్చేసేవారు. వేసవిలో మామిడి ముక్కలు ఆరిన చాప మీదే కారు ముక్కలూ ఆరేవి, ఆవకాయ చేతులకీ గ్రీజు చేతులకీ ఒకటే సబ్బు ఉండేది, అన్నంలో కాస్త కిరసనాయిలు వాసనొచ్చినా మేం పట్టించుకునేవాళ్లం కాదు. కారు కూడా నాన్న శ్రమను పట్టించుకునేది కాదు. నాగావళి వంతెన మీద ఆగి గాలి పీల్చుకునేది; మేం దిగి తోసేవాళ్లం.

ఒక ఉగాది ముందు అమ్మ నాన్నతో తేల్చి చెప్పేసింది.

"ఈ ఆదివారం మీ అమ్మని శ్రీకూర్మం తీసికెళ్లి, తొయ్యకుండా తెస్తే సరి. లేదంటే సోమారం పాతసామాన్లోడికి ఇచ్చీడమే."

శనివారం నాన్న కార్బ్యురేటర్ విప్పి, పెట్రోలు పారే సన్నని రంధ్రాలున్న ఇత్తడి జెట్లను గిన్నెలో వేసి, కాలేజీలో పరీక్షల డ్యూటీకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి అవి నాన్నమ్మ దీపపు కుందుల పక్కన బంగారంలా మెరుస్తున్నాయి.

"అమ్మా, ఏటి సేసినావే?"

"ఇత్తడే కదరా. కంపుకొడతన్నాయని సింతపండు నీళ్లలో నానబెట్టి తోమీసినాను. బొట్టెట్టమంటావా?"

నాన్న అక్కడే చతికిలబడ్డారు. ఒక్కో జెట్టునూ ఊది, చింతపండు పీచు దులిపి, వెలుతురుకెత్తి చూశారు. ఆయన ఎన్ని ఆదివారాలు తంటాలుపడినా తెరుచుకోని రంధ్రంలోంచి ఆకాశం కనిపించింది.

"పాచి వొదిలిపోనాది," అన్నారు మెల్లగా.

మర్నాడు కారు ఒక్క తిప్పుకే అందుకుంది. నాన్నమ్మ ముందు సీట్లో కూర్చుని శ్రీకూర్మం వెళ్లి, ఎవరూ తొయ్యకుండానే తిరిగి ఇల్లు చేరింది. దిగగానే నాన్నతో, "ఇంకేటైనా ఇత్తడుంటే సెప్పు," అంది. అమ్మ గేటు బార్లా తెరిచింది, పాతసామాన్ల ఊసెత్తలేదు. నాన్న ఆ పూట రెండు సార్లు అన్నం పెట్టించుకున్నారు.

ఇప్పుడు నా కారు బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. దాని కింద ఏముందో సర్వీసువాళ్ల కంప్యూటర్‌కు తెలుసు. నాకు తెలియాల్సిన పని లేకపోవడం ఎంతో హాయి. ఎచ్చెర్లలో మేనత్త ఇంటికి చెప్పిన వేళకే చేరుతున్నాం. ఆ రోజుల్లో మా కారు మోత వీధి మలుపులో వినగానే ఇంటిల్లిపాదీ బయటికొచ్చి, "వొచ్చీసినారే," అని సంబరపడేవారు. ఇప్పుడు బెల్లు కొట్టాల్సి వస్తోంది.