దొంగిలించక తప్పని నీలికంకి

ఉత్తరాన మంచుదేశంలో, సిమో నది ఒడ్డున ఉన్న ఆ వీధిలో సైమీ అంత నిజాయితీపరురాలు ఇంకొకరు లేరు. ఆమెతో వచ్చిన చిక్కంతా అదే. సహకార దుకాణంలో పనిచేసినన్నాళ్ళూ ఎవరైనా చేతితొడుగు మరిచిపోతే మంచులో వెంటపడి మరీ ఇచ్చి వచ్చేది. ఎవరేమిచ్చినా నోరారా ధన్యవాదాలు చెప్పేది. చెప్పి ఊరుకోక మర్నాడు యాలకుల రొట్టె కాల్చి పట్టుకెళ్ళేది. అందుకే ఆమె పెరట్లో పూలమొక్క బతికేది కాదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మొక్కల విషయంలో మాత్రం ఆ వీధి ఆడవాళ్ళది అడ్డం తిరిగిన శాస్త్రం. అడిగి తెచ్చుకున్న మొక్క అంతంతమాత్రం. ధన్యవాదం చెప్పి తెచ్చుకుంటే ఇక చచ్చినట్టే. చెప్పాపెట్టకుండా ఎత్తుకొచ్చిందే నాలుగు కాలాలు పచ్చగా ఉంటుంది. ఏడాదిలో సగంపైన మంచుకింద పడుకుని, జూలై రాగానే ఒళ్ళు విరుచుకుని లేచే ఆ లిల్లీలూ, తెల్ల చామంతులూ, ముద్ద పియొనీలూ అన్నీ అలా ఒక పెరటినుంచి ఇంకో పెరటికి చేరినవే. పాస్టరమ్మ లిల్లీలు ఎవరి ఇంటివో కూడా అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సైమీ ఇదంతా వట్టి చాదస్తమని కొట్టిపారేసేది. మొక్కకేమైనా చెవులున్నాయా అని ఆమె వాదన. శాస్త్రం సంగతి మనకెందుకు గానీ, చచ్చే మొక్కలు మాత్రం ఎప్పుడూ ఆమెవే.

పక్కింటి రౌని పెరట్లో, వంటింటి గోడవారగా, డెల్ఫీనియం గుబురు ఒకటి ఉండేది. వీధిలో దాన్ని నీలికంకి అనేవారు. మనిషెత్తు కాడలకు కిందినుంచి పైదాకా నీలిపూలు. జూలై అంతా సైమీ పొద్దుటి కాఫీ దాన్ని చూస్తూనే తాగేది. రౌని రెండుసార్లు వేరు చీల్చి ఇచ్చింది. రెండుసార్లూ సైమీ పొంగిపోయి ధన్యవాదాలు చెప్పి, రొట్టె ఇచ్చి, వసంతం వచ్చేసరికి ఉత్త మట్టి తవ్వి చూసుకుంది.

ఆ వేసవిలో రౌని మోకాళ్ళు ఇక లాభం లేదన్నాయి. ఆమె ఇల్లు అమ్మేసి, మేడమీది చిన్న వాటాలోకి మారడానికి ఒప్పుకుంది. కొన్న కుర్రాడికి లారీ ఉంది, దాన్ని నిలపడానికి పెరడంతా కంకర పోయిస్తాడట. సోమవారం తవ్వే యంత్రం వస్తుందని చెప్పి వెళ్ళాడు. మొక్కలే కదా అని రౌని పైకి అంది గానీ, ఆ నీలికంకి కంకర పాలవుతుందన్న దిగులుతో ఆమెకు ముద్ద దిగడం లేదు.

బుధవారం ఆమె కంచె దగ్గరికొచ్చి, రేపు ఆసుపత్రికి వెళ్తున్నాననీ, మధ్యాహ్నందాకా ఇంట్లో పిల్లి కూడా ఉండదనీ వీధికంతా వినపడేలా చెప్పింది. నిశ్చింతగా వెళ్ళిరమ్మని సైమీ మాటిచ్చింది. మర్నాడు పొద్దుటినుంచీ మేజోడు అల్లుకుంటూ రౌని గుమ్మంమీదే కాపలా కూర్చుంది.

శుక్రవారం రౌని గేటు బార్లా తీసి, నీలికంకి పక్కనే పార ఆనించి, ఖాళీ బకెట్ కూడా పెట్టి ఊళ్ళోకి పోయింది. సైమీ గేటు మూసింది. పార కడిగి, తుడిచి, కొట్టంలో పెట్టింది. తిరిగొచ్చిన రౌని కొట్టంలో మెరుస్తున్న ఆ పారను చూసింది. తర్వాత కంచె అవతల కట్టెలు కొడుతున్న సైమీ మొగుడు ఆర్వోని పిలిచింది.

"నీ పెళ్ళాన్ని ఏ మట్టితో చేశాడయ్యా దేవుడు?"

శనివారం సాయంత్రం రౌని పెరటి చివరనున్న తన ఆవిరిగదిని ఆఖరిసారి రాజేసి, ఆవిరిస్నానానికి వీధి ఆడవాళ్ళందర్నీ పిలిచింది, ఒక్క సైమీని తప్ప. సైమీకి మనసు చివుక్కుమంది. రౌనికి మతిమరుపు వస్తోందనీ, గేట్లు తీసి పెడుతోందనీ, ఎవరైనా దోచుకుపోతే దిక్కెవరనీ మొగుడి దగ్గర వాపోయింది. ఆర్వో పడీపడీ నవ్వాడు.

"ఎవరో కాదే, నువ్వే దోచుకుపోవాలని ఆవిడ నాలుగురోజులుగా చస్తోంది."

"అడిగితే ఇవ్వదా ఏంటి? ఇదివరకు ఇచ్చింది కదా."

"ఇచ్చింది. నువ్వు ధన్యవాదాలు చెప్పి చంపేశావ్. మూడోసారి చంపుకునే ఓపిక లేదావిడకి."

సైమీ కుర్చీలో కూలబడింది. శాస్త్రంమీద ఆమెకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ రౌనికి ఉంది. తెరిచిన తలుపును తన చేత్తోనే మూసి వచ్చానని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. లేచి, గోనెపట్టా, పారా, కత్తీ తీసుకుని బయల్దేరింది.

ఆ ఉత్తరాన జూలైలో అర్ధరాత్రి కావస్తేగానీ పొద్దు వాలదు కదా, ఎండ ఇంకా కాస్తూనే ఉంది. దొంగకు చాటన్నదే లేదు. పూతలో ఉన్న మొక్కను కదపకూడదు. కదపాలంటే ముందు కాడలు కోసెయ్యాలి. అంత నీలాన్నీ తన చేత్తోనే కోసి గడ్డిమీద పడేస్తుంటే ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి. వేరు చుట్టూ తవ్వుతుంటే పార రాతికి తగిలి ఖంగుమంది.

ఆవిరిగదిలో మాటలు ఆగిపోయాయి. సైమీ వంటింటి గోడకు అంటుకుపోయింది. అప్పుడు లోపలినుంచి రౌని గొంతు నింపాదిగా వినిపించింది.

"ఇంకో రెండు చెంబులు పొయ్యండే రాళ్ళమీద. నాకింకా చలిగా ఉంది."

వేడిరాళ్ళమీద నీళ్ళు బుస్సుమన్నాయి. ఆ చప్పుడు ఆగకుండా సాగుతుండగా సైమీ మట్టిగడ్డతో సహా వేరును గోనెమీదికి దొర్లించి ఇంటికి ఈడ్చుకుపోయింది. సోమవారం యంత్రం వచ్చింది. వంటింటి గోడవార గొయ్యి ఎలా పడిందని ఎవరూ అడగలేదు.

మరుసటి జూలైలో రౌని చేతికర్ర పట్టుకుని కాఫీకి వచ్చింది. సైమీ పెరట్లో కాడ ఒకటే లేచింది, నడుమెత్తు కూడా లేదు. కానీ నీలం మాత్రం ఆ నీలమే. రౌని దానివంక చాలాసేపు చూసింది.

"ఇదెక్కడిదే సైమీ?"

ఆర్వో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది. సైమీ చెవులు ఎర్రబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని మనిషి.

"సంతలో కొన్నానక్కా. కెమి సంతలో."

రౌని తలూపింది. గౌను చేతితో కళ్ళు తుడుచుకుంది.

"మంచి సంతే. మా అమ్మ కూడా అక్కడే కొంది."