వదిన చేతి ఇస్త్రీ

మా పక్కింటి వదిన పోయిన నెల ఒక మంగళవారం పోయింది. రాత్రి పడుకున్న మనిషి లేవలేదు. ఆవిడ భర్తను నేను అన్నయ్య అంటాను. పొద్దున్న ఆరున్నరకి ఆయనే మా గుమ్మంలోకి వచ్చి, "చెల్లమ్మా, మీ వదిన ఎల్లిపోనాది" అన్నాడు. అంత దుఃఖంలోనూ ఆయన చొక్కా కాలరు నిటారుగా ఉంది. వదిన చేసిన ఆఖరి ఇస్త్రీ అనుకున్నాను. ఆ కాలరు చూసే నాకు ఏడుపు ఆగలేదు.

భిలాయి ఖుర్సీపార్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. నేను విజయనగరం నుంచి బి.ఏ. డిగ్రీతో, కొత్త కోడలిగా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇస్త్రీ పెట్టె పట్టడం రాదు. మావారు స్టీల్ ప్లాంటుకు నలిగిన చొక్కాతో వెళ్లడం చూసి వదినే నన్ను పిలిచింది. చాప మీద దుప్పటి మడతలు వేయించింది. తాను మాత్రం పీట వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది.

"కాలరు లోపలి వైపు ముందు. మూలల నుంచి మధ్యకి రా. మధ్య నుంచి మూలకి తోసీసేవంటే ముడత పడిపోతాది పిల్లా."

"ఒక్కసారి చేసి చూపించు వదినా."

"నాను చేసీస్తే నీకేటొస్తాది? నీ చెయ్యి కాలితే వస్తాది."

నా కుడిచేతి మీద మూడు మచ్చలున్నాయి. మూడూ ఆ మొదటి నెలవే. గంజి పెట్టిన చీర పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేయాలనీ, పట్టు మీద పల్చటి గుడ్డ పరవాలనీ, చొక్కా గుండీల మధ్య పెట్టె మొన మాత్రమే తిప్పాలనీ ఆవిడ చెప్పిందే నేర్చుకున్నాను. ఒక్కొక్కసారి ఏదైనా అడిగితే, "రేపు చెప్తాను, ఇప్పుడు పనుంది" అనేది. మర్నాడు తప్పకుండా చెప్పేది. ఎంత ఆలోచించి చెబుతుందో అనుకునేదాన్ని.

మా వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేసే ప్రెస్ బండి ఉండేది. దాని పేరెత్తితే వదిన మూతి తిప్పేది. "మొగుడి చొక్కా బజారుకి పంపడమేటి? ఇంట్లో ఆడదానికి చేతుల్లేవేటి?" వీధిలో తెలుగిళ్లు పదకొండు. వదిన మాట మీద తొమ్మిది ఇళ్ల వాళ్లు బండికి బట్టలు వేయడం మానేశారు. మిగిలిన రెండూ బద్ధకపు ఇళ్లని మేం తీర్మానించాం. ఆ తీర్మానాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నదాన్ని నేనే.

ఆవిడ మంచితనం చెప్పకపోతే తప్పవుతుంది. మావారికి ప్లాంటులో దెబ్బ తగిలి పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ పందొమ్మిది రోజులూ మా పిల్లలిద్దరూ వదిన ఇంట్లోనే తిన్నారు. సెలవులు పోను పదహారు రోజులు తెల్లటి యూనిఫాంతో, నలగని కాలరుతో బడికి వెళ్లారు. నేను ఆసుపత్రి నుంచి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది. వినయం అనుకున్నాను.

ఆరేళ్ల కిందట మా అబ్బాయికి పెళ్లయింది. కోడలు భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల, బడిలో టీచరు. ఒకరోజు పొద్దున్న మా వాడు పెళ్లాం కుర్తీ ఇస్త్రీ చేస్తూ కనిపించాడు.

"ఇదేటిరా?"

కోడలే జవాబిచ్చింది. "అత్తయ్యా, ఇందులో ఏముంది? నాకు స్కూలు జల్దీ, ఈయనకి ఆఫీసు లేటు. ఈయనకి ఇస్త్రీ ఇష్టం కూడా."

నేను తిన్నగా వదిన దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి, మగవాడు పెట్టె పట్టడం మాన్పించాలి కదా అని అడిగాను. ఆవిడ చాలాసేపు చీర కొంగు మడతలు పెడుతూ కూర్చుంది. చివరికి, "నువ్వన్నది నాయమే పిల్లా" అంది. ఆ బలంతో ఇంటికి వచ్చి, "ఈ ఇంట్లో మగవాడు ఇస్త్రీ పెట్టె పట్టడు. అలా కావాలంటే వేరే ఇల్లు చూసుకోండి" అన్నాను. నెల తిరక్కుండా నెహ్రూ నగర్‌లో ఇల్లు చూసుకున్నారు. అప్పటి నుంచి మా వాడు ఆదివారాలు ఒక్కడే వచ్చి ఒక గంట కూర్చుని వెళతాడు. కోడలు ఆరేళ్లలో నాలుగుసార్లు మా గడప తొక్కింది.

వదిన పన్నెండో రోజు కార్యం అయిన మర్నాడు, అన్నయ్యకు కూర ఇద్దామని వెళ్లాను. ఆయన నేల మీద కూర్చుని వదిన నేత చీర ఇస్త్రీ చేస్తున్నాడు. వేళ్లతో నీళ్లు చిలకరించి, అంచు లాగి పట్టి, ఒక్క ఊపులో పెట్టె నడిపిస్తున్నాడు. నాకు అంత బాగా రాదు.

"మీకెందుకన్నయ్యా, ఇలా ఇవ్వండి."

"ఆడపిల్లలు చీరలు పట్టికెల్తామన్నారు చెల్లమ్మా. నలిగినవి ఇస్తే మీ వదిన ఒప్పుకోదు. నాకలవాటే కదా. ఇన్నేళ్లూ చేసేను, ఈ నాలుగు చీరలూ ఎక్కువేటి?"

"ఎవరివి చేశారు?"

"ఇంకెవలివి? నావీ, దానివీ, పిల్లలవీ. ఆస్పత్రప్పుడు మీ పిల్లలవీ." ఆయన నవ్వాడు. "మీ వదినకి పెళ్లయిన కొత్తలో షాక్ కొట్టింది. మరింక ప్లగ్గు దగ్గరికి రాలేదు. నువ్వేటైనా అడిగితే నన్నడిగి మర్నాడు నీకు చెప్పీది. ఓలమ్మో, ఎంత టీచరమ్మో!"

నేను నవ్వలేదు. "మరి ఇన్నేళ్లూ ఎందుకు దాచారు?"

"ఈదిలో అందరూ మనూరోళ్లే కదేటి. మొగుడి చేత ఇస్త్రీ చేయిస్తందని మా యమ్మకి ఉత్తరం ఎల్లిపోతాదని భయం. తర్వాత యమ్మ పోయింది. అప్పుడింక నీకు భయపడింది."

"నాకా?"

"మా వదినంత బాగా ఎవలూ చెయ్యలేరని నువ్వే అందరికీ చెప్పీసేవు కదా. మరింకేటి చెప్తాది? ఆ కిటికీ మీ పెరటి వైపుది. నాను ఇస్త్రీ చేసినప్పుడు ఎండాకాలంలో కూడా వేసీమనీది."

కూర గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. షాక్ కొట్టిన భయం నాకు అర్థమవుతుంది. అత్తగారి భయం కూడా అర్థమవుతుంది. కానీ ఆరేళ్ల కిందట కొంగు మడతలు పెడుతూ కూర్చున్న ఆ కాసేపట్లో, "మా ఇంట్లో ఆయనే చేస్తాడు" అని ఒక్క మాట అనలేకపోయిందా? నా ఇల్లు రెండు కావడం గోడ అవతల నుంచి వింటూ ఊరుకుందా? వేరే ఇల్లు చూసుకోమన్న మాట నాదే, వదినది కాదు. నా వంతు తప్పు నేను ఒప్పుకుంటాను. ఆవిడ వంతు ఒప్పుకోవడానికి ఆవిడ లేదు. నా కోపమంతా దానికే. ఆవిడను నేనింకా క్షమించలేదు. ఆవిడ చెప్పిన పద్ధతిలో తప్ప నాకు ఇంకోలా ఇస్త్రీ చేయడం రాదు కూడా.

మొన్న ఆదివారం మా వాడు బయలుదేరకముందే నేనే ఆటో ఎక్కి నెహ్రూ నగర్ వెళ్లాను. కోడలు తలుపు తీసింది. లోపల టక్కున స్విచ్ ఆపిన చప్పుడైంది. మా వాడు గదిలోంచి వచ్చి, తలుపు వెనక్కి లాగి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇల్లంతా వేడి బట్ట వాసన.

"ఏటమ్మా, చెప్పకుండా వచ్చీసేవు?"

"ఏం చేస్తున్నావు?"

"ఏటీ లేదు. పేపరు చదువుతున్నాను."

వాడికి ముప్పై ఏడేళ్లు. ఆ వయసులో నా ముందు చిన్నపిల్లవాడిలా అబద్ధమాడాడు. తలుపు సందులోంచి మంచం మీద ఆకుపచ్చ కుర్తీ కనిపించింది. ఒక చెయ్యి నున్నగా ఉంది, రెండోది ముడతలతో ఉంది. చెప్పులు విప్పుతూ, "పెట్టె చల్లారిపోతుంది, రెండో చెయ్యి కూడా కానియ్యి" అన్నాను.

వాడు కదల్లేదు. కోడలు వాడిని పక్కకి జరిపింది. తర్వాత తలుపు తోసి లోపలికి వెళ్లి స్విచ్ వేసింది. వాడు వెనకే వెళ్లి, వేళ్లతో నీళ్లు చిలకరించి, కుర్తీ చేతిని సాపుగా పరిచాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మూల నుంచి మూలకి, ఒక్క ముడత లేకుండా చేశాడు. చేసినంతసేపూ వాడు తల ఎత్తలేదు.