డిమినిష్డ్ దగ్గర ఆగకండి

మా కీబోర్డు మాస్టారు పోయారని పోయిన బుధవారం పొద్దున్న ఫోను వచ్చింది. చేసింది నాతోపాటు ఆయన దగ్గర నేర్చుకున్న మిత్రుడు. "నిద్రలోనే పోయేరటండి. మీరు వస్తారా?" అని అడిగాడు. ఎవరైనా "ఎప్పుడు బయల్దేరుతున్నారు" అని అడుగుతారు గానీ వస్తారా అని అడగరు. నేను మూడేళ్లుగా ఆయన గుమ్మం తొక్కలేదని అతనికి తెలుసు.

మాస్టారు కొత్తపేటలో బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వేదం చదువుకున్న ఇంట్లో పుట్టి, నాటకాలకు హార్మోనియం వాయించి, యాభై దాటాక కీబోర్డు కొనుక్కున్నారు. ఈ వయసులో కార్డులెందుకండీ, స్వరాలు కలిపి నొక్కడమెందుకండీ అంటే, "ఇన్నాళ్లూ పద్యం వెనకాల ఒక్కో స్వరాన్నే నడిపించేనండి. మూడు స్వరాలు కలిసి నడిస్తే ఎలా ఉంటుందో చూద్దామని" అనేవారు. చేతి గడియారం విప్పి కీబోర్డు మీద పెట్టనిదే పాఠం మొదలయ్యేది కాదు. మళ్లీ దాని వంక చూసేవారూ కాదు.

ఆయన పాఠంలోనూ లెక్కలే. "తెల్ల మెట్లూ నల్ల మెట్లూ కలిపి లెక్కెట్టండి. మూడేసి మెట్లు ఎక్కితే డిమినిష్డ్, నాలుగేసి ఎక్కితే ఆగ్మెంటెడ్. ఆయ్, అంతేనండి." మొదటిది వింటే ఎవరో ఏదో చెడ్డ కబురు చెప్పబోతున్నట్టు ఉండేది. రెండోది వింటే ఎవరో తలుపు మీద చెయ్యి వేసినట్టు ఉండేది. సి కార్డు నుంచి డి మైనర్ కార్డుకు నేరుగా వెళ్లొచ్చు. మధ్యలో సి షార్ప్ డిమినిష్డ్ వేసి వెళితే అదే డి మైనర్ ఎంతో కాలానికి కనిపించిన మనిషిలా ఉంటుంది. సి నుంచి ఎఫ్‌కు వెళ్లేటప్పుడు సి ఆగ్మెంటెడ్ కూడా అంతే.

మా చేత డిమినిష్డ్ నొక్కించి, "వేళ్లు తీయకండి" అని కాఫీకి లోపలికి వెళ్లిపోయేవారు. ఆయన గ్లాసుతో తిరిగి వచ్చేలోగా దాని తర్వాత ఏ కార్డో మేమే వెతుక్కోవాలి. మనసంతా పీకుతూ ఉండేది. "ఇబ్బందిగా ఉందాండి? ఉండాలి. కానీ అక్కడ ఆగిపోకండి, ఇంటికి చేర్చండి" అనేవారు నవ్వుతూ. నాకన్నా నలభై ఏళ్లు పెద్దవారు, ఒక్కసారి కూడా నన్ను ఏకవచనంతో పిలవలేదు.

మూడేళ్ల కిందట మామిడికుదురులో ఒక పెళ్లికి మా ఆర్కెస్ట్రా వెళ్లింది. అప్పగింతలు జరుగుతున్నాయి. పెళ్లికూతురి చేతులు పాలపళ్లెంలో ఉన్నాయి. ఆమె మేనత్త తమ ఇంట్లో వాళ్లు పాడుకునే అప్పగింతల పాట ఎత్తుకుంది. ఎదురు వరసలో మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆయన్ని చూసేసరికి నాకు పూనకం వచ్చింది. నేర్చుకున్న విద్యంతా చూపించెయ్యాలని అడుగడుక్కీ డిమినిష్డ్, చరణానికి రెండు ఆగ్మెంటెడ్ కుమ్మరించాను. పాపం ఆవిడకు ఎటు వెళ్లాలో తెలియలేదు. శ్రుతి తప్పింది, గొంతు ఆగిపోయింది. పెళ్లికూతురు పాలల్లో చేతులు అలాగే ఉంచి మేనత్త వంకే చూస్తోంది.

మాస్టారు లేచి వచ్చి, మాట్లాడకుండా నా చేతులు కీబోర్డు మీంచి తీసేశారు. "పాడండమ్మా, నేనున్నాను" అన్నారు ఆవిడతో. మామూలు కార్డులే వేశారు. ఆఖరి చరణంలో కూతురు గడప దాటే మాట దగ్గర మాత్రం ఒకే ఒక్క డిమినిష్డ్ వేసి, నెమ్మదిగా తర్వాతి కార్డులోకి దించారు. పందిట్లో కన్ను చెమర్చనివాళ్లు లేరు. నాకూ నీళ్లు తిరిగాయి. కానీ అవి పౌరుషంతో వచ్చినవి. అంతమందిలో నా చేతులు తీసేస్తారా అని ఆ రోజు నుంచి వెళ్లడం మానేశాను. తప్పు నాదేనని ఏడాది తిరక్కుండానే తెలిసింది. తెలిసినా ఏ ముఖం పెట్టుకుని వెళ్లను అని, అమలాపురంలో ఇంటి దగ్గర నేనూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ రోజులు గడిపేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

వెళ్లనా వద్దా అని తేల్చుకుని నేను కొత్తపేట వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. మాస్టారి భార్యను మేం అమ్మగారూ అని పిలుస్తాం. నన్ను చూసి ఆవిడే చెప్పారు. "ఆ పెళ్లి నుంచి వచ్చి మీ మాస్టారు అన్నం ముట్టలేదండి. పాట నిలబెట్టాలని తొందరలో ఆ అబ్బాయిగారి చేతులు తీసేసేనే, నలుగురిలో అలా చెయ్యకూడదే అని ఒకటే బాధ. మొన్న వైశాఖంలో అమలాపురం మీ ఇంటికి కూడా వచ్చేరు."

నేను తెల్లబోయాను. "ఎప్పుడండీ? నాకు తెలీదే."

"మీరు లోపల పాఠం చెబుతున్నారట. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, నిలబడి విని, మళ్లీ చెప్పులు వేసుకుని వచ్చేసేరు. పిలవలేకపోయారా అంటే, పాఠం మధ్యలో పిలవకూడదు అన్నారు."

"ఏమైనా అన్నారా అండీ?"

"ఆయ్. పాటంతటికీ ఒక్కటే డిమినిష్డ్ వేసేడే, సరిగ్గా వెయ్యాల్సిన చోటే వేసేడే అన్నారు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నారు."

ఆయన నన్ను ఏకవచనంతో అనడం అదే మొదటిసారి. అది నేను వినలేదు.

ఇప్పుడు నేనూ పిల్లల చేత సి షార్ప్ డిమినిష్డ్ నొక్కించి, వేళ్లు తీయవద్దని చెప్పి లేస్తున్నాను. కాఫీకి కాదు, గుమ్మం దగ్గరికి. అక్కడ పిల్లల చెప్పులు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. లోపల ఆ కార్డు మోగుతూనే ఉంటుంది. నేను ఆ చెప్పుల్ని ఒక పక్కకు జరిపి, ఇంకొక జత పట్టేంత చోటు చేస్తాను. ఈలోగా పిల్లల్లో ఎవరో ఒకరు వెతుక్కుని డి మైనర్ నొక్కుతారు.