బిస్కెట్ డబ్బాలో వేసిన ఆధార్ ఉత్తరం

ఈ విషయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మస్తానమ్మవ్వ ఆధార్ ఉత్తరం పోయిందని తెలిశాక, రెండు రోజుల పాటు నేను అబద్ధం చెప్పాలనే అనుకున్నాను.

ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో, బ్రాంచి పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగంలో నాలుగేళ్ల క్రితం చేరాను. నిరుడు మానేశాను. పొద్దున బస్సులో సంచి వచ్చేది. రిజిస్టర్డ్, స్పీడ్ పోస్టు ఉత్తరాలను ఫోనులో నమోదు చేసి, సంతకం తీసుకుని ఇవ్వాలి. సాదా ఉత్తరాలకు అలాంటి లెక్క ఉండదు. ముద్ర వేసి పంచడమే.

ఆ సాదా ఉత్తరాలన్నీ మాలకొండయ్య అంగట్లో ఒక బిస్కెట్ డబ్బాలో వేయడం నేను చేరకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ. జనం తమవి తీసుకుంటూ పక్కింటివాళ్లవి కూడా వాళ్లకిద్దామని పట్టుకుపోయేవారు. గడప గడపా నిలబడి పేరు పెట్టి పిలవాలంటే నాకు బిడియం. అందుకే ఆ డబ్బా నాకు హాయిగా ఉండేది.

ఒకరోజు మస్తానమ్మవ్వ మేకలను వదిలేసి పోస్టాఫీసుకు వచ్చింది. ఆమె పేరు మీదున్న సిమ్ముతో ఎవరో జనాన్ని మోసం చేస్తున్నారని ముందురోజు వేరే ఊరి పోలీసులు ఇంటికొచ్చి అడిగారట.

“నాకు ఫోనే లేదు గదా పాపా, సిమ్ము యాడిది? ఆధార్‌లో పేరు దిద్దిచ్చి మూడు నెలలాయె, కార్డు రానే లేదు. నీ కాడేమన్నా ఉండాదా?”

లేదన్నాను. అంతవరకు నిజమే. ఇంటికెళ్లి డైరీ తిరగేశాను. ఎవరికి ఏ ఊరి నుంచి ఉత్తరం వచ్చిందో సరదాగా రాసుకోవడం నా అలవాటు. ‘మస్తానమ్మవ్వకు ఆధార్. డబ్బాలో వేశాను’ అని నా దస్తూరీలోనే ఉంది. ఆ పేజీ తప్ప ఇంకో సాక్ష్యం లేదు. చేతికే ఇచ్చానంటే నన్ను అడిగేవాళ్లు లేరు. కానీ అప్పుడు సిమ్ము తీసుకోవడానికి కార్డును అవ్వే ఎవరికో ఇచ్చిందనుకుంటారు. కేసు ఆమె మెడకు చుట్టుకుంటుంది.

మూడో రోజు ఆత్మకూరు వెళ్లి, మా పై అధికారికి జరిగింది రాసిచ్చాను. డైరీ పేజీ నకలు జతచేశాను. ఆయన రెండుసార్లు చదివారు.

“డబ్బాలో వేసేదానికి నువ్వెందుకమ్మా? బస్సు కండక్టరు చాలడా?”

సంజాయిషీ అడుగుతూ నోటీసు ఇచ్చారు. నేను రాసిన కాగితం నకలు తీసుకుని అవ్వతో పోలీసు స్టేషనుకు వెళ్లాను. ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆధార్ కేంద్రంలో ఆమె వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా తాళం వేయించాం. సిమ్ము రద్దుకు అర్జీ పెట్టాం. ఉత్తరం అవ్వకు చేరలేదని పోలీసులు రాసుకున్నారు. ఆమెను మళ్లీ పిలవలేదు. డబ్బాలోంచి తీసిందెవరో మాత్రం తేలలేదు.

“నా అంగడికి దొంగ పేరు తెచ్చినావు గదమ్మే,” అన్న మాలకొండయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు.

లెక్క లేని ఉత్తరానికే ఎక్కువ జాగ్రత్త కావాలని, పోయిన సంగతి తెలిసిన రోజే కాగితం మీద పెట్టాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. నేను రెండు రోజులు ఆలస్యం చేశాను.

మానేసిన రోజు చెప్పి వద్దామని అవ్వ దగ్గరికి వెళ్లాను.

“నీ ఎనకాల వచ్చేవోళ్లకు చెప్పి పో. నా ఉత్తరం నా చేతికే ఇయ్యాల. ఇంట్లో లేకుంటే మేకల కాడికి రమ్మను. నడిస్తే కాళ్లేం అరిగిపోవు.”